తాడు లాగితే ఎవరొస్తారు?

(విశాఖపట్నంలో కొత్తగా సూపర్‌వైజర్లయినవారి శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ నాలుగైదు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పెద్దవాళ్ల కోసం ఉంచారనుకుని ఎవరూ కూర్చున్నట్టు లేదు. అవి ఎవరి కోసమూ కాదు, వచ్చి కూర్చోండి.

మీలో చాలామందికి ఈ ఏడాదే ప్రమోషన్ వచ్చిందని చెప్పారు. సంతోషం. మొన్నటిదాకా పక్కన నిలబడి పనిచేసినవాడు ఇవాళ మిమ్మల్ని "సార్" అంటుంటాడు. పిలుపు మారితే మారనివ్వండి. కానీ దాంతోపాటు అతను మీకు చెప్పే కబుర్లు కూడా మారిపోతాయి, గమనించారా? టీ కొట్టు దగ్గర "ఆ మూడో పంపు సౌండు తేడాగా ఉంది బావా" అన్నవాడే ఇప్పుడు "అంతా బాగానే ఉంది సార్" అంటాడు. పంపు అదే, సౌండూ అదే. ఆ మాట ఎందుకు మారిందో చెప్పడానికే వచ్చాను.

ముందు నేను చేసిన తప్పొకటి చెప్తాను.

చాలా ఏళ్ల కిందట ఒక కర్మాగారంలో షిఫ్ట్ ఇన్‌చార్జిగా ఉండేవాణ్ణి. మెయిన్ గేటు పక్కన పెద్ద బోర్డు ఉండేది, "ప్రమాదం లేకుండా గడిచిన రోజులు" అని. సెక్యూరిటీ అతను రోజూ పొద్దున్నే అంకె మార్చేవాడు. 300 రోజులు పూర్తయితే పెద్ద ఫంక్షన్ చేస్తామన్నారు. హెడ్డాఫీసు నుంచి పెద్దాయన వస్తారు, పర్మనెంటు, కాంట్రాక్టు తేడా లేకుండా అందరికీ స్టీలు టిఫిన్ క్యారియర్ ఇస్తారు. 291వ రోజు నైట్ షిఫ్టులో ఒక హెల్పర్ వేలు కన్వేయర్ బెల్టుకీ రోలర్‌కీ మధ్య పడింది. గోరు ఊడి వచ్చేసింది. ఫస్ట్ ఎయిడ్ గదిలో కట్టు కట్టించి కూర్చోబెట్టాం. రిజిస్టరు నా టేబుల్ మీదే ఉంది. రాస్తే పొద్దున్నే గేటు దగ్గర 291 పోయి సున్నా పడుతుంది.

నేను అతనితో ఏమన్నానో ఇప్పటికీ గుర్తుంది. "ఇంట్లో తలుపు సందులో పడిందని చెప్పు. నాలుగు రోజులు రాకు, నీ హాజరు నేను చూసుకుంటా." అతను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అలాగే సార్, నా ఒక్కడి కోసం అందరి క్యారియర్లూ పోవడం ఎందుకు" అన్నాడు. 300వ రోజు ఫంక్షన్‌లో అతనూ స్టేజి ఎక్కి, కట్టు ఉన్న చెయ్యి కనపడకుండా రెండో చేత్తో క్యారియర్ అందుకున్నాడు.

ఆ రోలర్ దగ్గర గార్డు ప్లేటు ఊడిపోయి ఉంది. ప్రమాదమే రాయనప్పుడు గార్డు ఎవరు పెట్టిస్తారు? ఏడాది తిరక్కముందే అదే చోట ఇంకో కుర్రాడి చెయ్యి మణికట్టు దాకా లోపలికి వెళ్లింది. చెయ్యి దక్కింది, రెండు వేళ్లు దక్కలేదు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. తెచ్చింది నేనే.

ఆ తర్వాత చాలా రాత్రులు ఆలోచించాను. దాచమని నాకెవరూ చెప్పలేదు. గోడల నిండా "ముందు భద్రత" అనే రాసి ఉంది. చేరినప్పుడు మూడు రోజుల ట్రైనింగులో కూడా ప్రతి చిన్న దెబ్బనీ రాయాలనే చెప్పారు. మరి దాచడం నాకెవరు నేర్పారు? వెనక్కి వెళ్లి చూసుకుంటే దొరికింది. దానికి రెండు నెలల ముందు వేరే సెక్షన్‌లో నాలాంటి ఇన్‌చార్జే చిన్న కాలిన గాయాన్ని నిజాయితీగా రిజిస్టరులో రాశాడు. అతనికి రెండో రోజే "వివరణ ఇవ్వండి" అని కాగితం వచ్చింది. గోడ మీది రాతని మేం చూడలేదు, ఆ కాగితాన్ని చూశాం. అతని ఇంక్రిమెంట్ ఏమైందో కనుక్కున్నాం. మనిషి ఆఫీసులో నేర్చుకునే పాఠం అలా ఉంటుంది. నిజం చెప్పినవాడికి ఆ మర్నాడు ఏం జరిగిందో అందరూ చూస్తారు. ఆ ఒక్కటే చూస్తారు.

ఇది మన దగ్గరి జబ్బేనా, మన మనుషులే ఇంతా అంటే, కాదు. అమెరికాలో జరిగిన ఒక కథ చెప్తాను. ఈ విషయంలో ఇంతకంటే పెద్ద రుజువు నాకు ఇంకెక్కడా దొరకలేదు.

కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ అని ఊరుంది. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఎవరి అన్నో బావో అక్కడే ఉండి ఉండొచ్చు, తెలుగువాళ్లు బాగానే ఉన్న ఊరది. ఇప్పుడు అక్కడ టెస్లా కార్లు తయారవుతున్నాయి. అదే షెడ్డులో ఒకప్పుడు జనరల్ మోటార్స్ (జీఎం) కంపెనీ కార్లు చేసేది. 1982లో ఆ ప్లాంటు మూతపడింది. మూతపడే నాటికి దానికున్న పేరు ఏమిటంటే, జీఎం మొత్తంలో ఇంత చెడ్డ కార్మికులు ఇంకెక్కడా లేరని. రోజూ అయిదుగురిలో ఒకరు పనికి వచ్చేవారు కాదు. సోమవారం పొద్దున లైను మొదలెట్టడానికి మనుషులు చాలక ఎదురుగా ఉన్న బార్లోంచి పిలుచుకొచ్చిన రోజులున్నాయని అక్కడివాళ్లే చెప్పారు. పనిలో తాగడం మామూలు. కోపం వస్తే కారు తలుపు లోపల ఖాళీ కోక్ సీసా పెట్టి మూసేసేవారు, కొన్నవాడికి జీవితాంతం గలగలమని చప్పుడు రావాలని.

ఆ ప్లాంటులో ఒక్కటే నియమం గట్టిగా అమలయ్యేది. ఏం జరిగినా లైను ఆగకూడదు. తప్పు ఇంజిన్ బిగించారని కళ్లముందు కనపడినా బండి ముందుకు పోవాల్సిందే. చివర్లో యార్డులో మళ్లీ విప్పి సరిచేసేవారు. లైను ఆపినవాడి ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఒక్కసారి మీరే ఆ చోట నిలబడినట్టు అనుకోండి. తప్పు కళ్లకు కనిపిస్తోంది, చేతిలో స్పానరుంది, అయినా వదిలెయ్యాలి. రోజుకు ఎన్నో సార్లు, ఇరవై ఏళ్లు. అలాంటిచోట మనిషి తాగకుండా ఎలా ఉంటాడని నాకనిపిస్తుంది. తాగడాన్ని సమర్థించడం లేదు. వాళ్లు చెడ్డవాళ్లు కాబట్టి చెడ్డ కార్లు వచ్చాయన్న మాటని మాత్రం నేను ఒప్పుకోను.

ఒప్పుకోకపోవడానికి కారణం ఆ తర్వాత జరిగింది. 1983లో జీఎం, టయోటా కలిసి అదే ప్లాంటుని మళ్లీ తెరవాలని ఒప్పందం చేసుకున్నాయి. దానికి నమ్మి (NUMMI) అని పేరు పెట్టారు. పేరు ఇంగ్లిష్ అక్షరాల కూర్పే అయినా తెలుగు చెవికి వేరేలా వినిపిస్తుంది. పాత కార్మికుల్ని తీసుకోవద్దని చాలామంది హెచ్చరించారు. అయినా కొత్తగా తీసుకున్నవాళ్లలో సుమారు 85 శాతం ఆ పాతవాళ్లే. యూనియన్ అదే, యూనియన్ నాయకులూ వాళ్లే. 1984 డిసెంబరులో మొదటి కారు బయటికొచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి గైర్హాజరు రెండు మూడు శాతానికి పడిపోయింది. అక్కడ తయారైన షెవర్లే నోవా కారు నాణ్యతలో జపాన్‌లో చేసిన బళ్లకు దీటుగా నిలబడింది. షెడ్డు అదే, మనుషులూ వాళ్లే.

ఏం మారింది? తలమీద ఒక తాడు వేలాడదీశారు. ఆండన్ తాడు అంటారు. ఏ కార్మికుడికైనా ఏదైనా తేడా కనిపిస్తే లాగొచ్చు. లాగగానే లైటు వెలుగుతుంది, ఒక పాట మోగుతుంది, టీం లీడరు పరిగెత్తుకొస్తాడు. అక్కడికక్కడే సరిచేయగలిగితే మళ్లీ తాడు లాగి ఆ పిలుపు రద్దు చేస్తాడు. బండి అతని పని చోటు చివరనున్న గీత దాటేలోగా సరికాకపోతే లైను దానంతటదే ఆగుతుంది.

తాడు సంగతి చాలామంది చెప్తారు. నేను మీకు గట్టిగా చెప్పాలనుకున్నది లీడరు వచ్చాక అడిగే మొదటి మాట గురించి. లీడర్లుగా ఎంచుకున్న కొన్ని వందల మంది ఫ్రీమాంట్ కార్మికుల్ని జపాన్‌లో టయోటా వారి తకావొకా ప్లాంటుకి కొన్ని వారాల పాటు పంపారు. వాళ్లు అక్కడ చూసింది ఏమిటంటే, ఒకడు పనిలో వెనకబడితే లీడరు వచ్చి "ఏం సాయం కావాలి?" అని అడుగుతున్నాడు. ఇరవై ఏళ్లు పనిచేసినా ఆ ప్రశ్న వాళ్లని ఎవరూ అడిగి ఉండలేదు. "ఎవడు చేశాడు?" అని అడిగేచోట తాడు ఎంత ఖరీదైనది కట్టినా ఎవడూ ముట్టుకోడు.

ఆ శిక్షణ పనిలో ఉన్న జాన్ షూక్ అనే అమెరికన్, టయోటా ఉద్యోగి, తర్వాత చెప్పిన మాట నాకు బాగా నచ్చింది. ముందు మనుషుల ఆలోచన మార్చి తర్వాత పని మార్పిద్దామనుకుంటే కుదరదు, ముందు పనిచేసే తీరు మార్చండి, ఆలోచన వెనకాలే వస్తుంది అంటాడాయన. మన దగ్గర సంస్కృతి మార్చాలనగానే ఒక హాలు బుక్ చేసి లెక్చరు పెట్టిస్తాం. ఇప్పుడు నేను చేస్తున్నదీ లెక్చరే కాబట్టి దీన్నుంచి పెద్దగా ఆశించకండి. రేపు పొద్దున మీ సెక్షన్‌లో మీరు మార్చే పద్ధతి మీదే ఆశ పెట్టుకోండి.

తాడు వెనక ఇంకొన్ని ఉన్నాయి, అవి లేకపోతే అది ఉత్త తాడే. అయిదారుగురికి ఒక టీం లీడరు ఉండేవాడు. లాగిన నిమిషంలో మనిషి రావాలంటే అంత దగ్గర్లో ఉండాలి. మన దగ్గర ఒక సూపర్‌వైజరు కింద నలభై మంది. అతను రావాలన్నా రాలేడు. అది అతని స్వభావం తప్పు కాదు, సంస్థ కట్టిన తీరే తప్పు. రెండోది, ఆఫీసర్లకి వేరే క్యాంటీను, వేరే పార్కింగు తీసేశారు. చిన్న విషయం అనుకోకండి. మనతో కలిసి కూర్చుని అన్నం తిననివాడి దగ్గరికి చెడ్డవార్త పట్టుకెళ్లడానికి కాళ్లు రావు. మూడోది అన్నిటికంటే పెద్దది. పరిస్థితి బాగాలేకపోతే ముందు మేనేజర్ల జీతాలు తగ్గించుకుని తర్వాతే కార్మికుల జోలికి వస్తామని ఒప్పందంలో రాసుకున్నారు. 1987, 88లలో నోవా అమ్మకాలు పడిపోయి ప్లాంటు సగం పైచిలుకు సామర్థ్యంతో నడిచింది. అయినా ఒక్కర్నీ ఇంటికి పంపలేదు. ఖాళీగా ఉన్నవాళ్లకి ట్రైనింగు ఇచ్చారు, లైను ఎలా మెరుగుపరచాలో చూడమన్నారు. అప్పుడు నమ్మారు మనుషులు. ఆ తర్వాత తాడు లాగడానికి ఎవరికీ చెయ్యి వణకలేదు.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి. మన ఫ్యాక్టరీల్లో ప్రమాదానికి అందరికంటే దగ్గరగా ఉండేది కాంట్రాక్టు కార్మికులు. బెల్టు కింద దూరేది వాళ్లు, ట్యాంకులో దిగేది వాళ్లు. ముందుగా వాసన పసిగట్టేదీ వాళ్లే. వాళ్ల గేటుపాస్ ఏ రోజైనా రద్దు చేయొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. అలాంటి మనిషిని "భయపడకుండా చెప్పు" అనడం న్యాయమేనా? అతను భయపడకుండా ఉండటానికి మనం ఏం చేశాం? దీని గురించి మేనేజ్‌మెంట్ మీటింగుల్లో ఎవరూ మాట్లాడరు. మీరైనా మాట్లాడండి.

మళ్లీ కథకొస్తాను. ఫ్రీమాంట్‌లో అంత మార్పు కళ్లారా చూసిన జీఎం దాన్ని మిగతా ప్లాంటుల్లో కూడా పెట్టాలనుకుంది. అదే కాలిఫోర్నియాలో వాన్ నైస్ అనే ప్లాంటుంది. అక్కడా తాడు కట్టారు. కానీ మేనేజర్ల బోనస్ ఎప్పట్లాగే రోజుకి ఎన్ని బళ్లు బయటికెళ్లాయన్న దాని మీదే ఆధారపడింది. తాడు లాగితే లెక్క తగ్గుతుంది. కార్మికుడు లాగుతాడు, మేనేజరు ముఖం మాడ్చుకుంటాడు. సరఫరాదారు నుంచి సరిపోని విడిభాగాలు వస్తున్నాయని ఎన్నిసార్లు లాగి చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. 1992లో ఆ ప్లాంటూ మూతపడింది. తాడు కొనుక్కోవచ్చు. అది పనిచేయాలంటే పైవాడి బోనస్‌ లెక్క కూడా మారాలి.

ఆ కంపెనీకే ఇంకో ఇరవై ఏళ్ల తర్వాత ఏం జరిగిందో వినండి. కొన్ని చిన్న కార్లలో ఇగ్నిషన్ స్విచ్ వదులుగా ఉండేది. బరువైన తాళాల గుత్తి ఉన్నా, మోకాలు తగిలినా తాళం పక్కకి జారి నడుస్తున్న బండి ఇంజిన్ ఆగిపోయేది. అలా ఆగితే ఎయిర్‌బ్యాగులు కూడా తెరుచుకోవు. బళ్లు ఆగిపోతున్నాయని కంపెనీ లోపల ఏళ్ల ముందే తెలుసు. కానీ దాన్ని ప్రాణాపాయం కింద కాకుండా కస్టమరుకి అసౌకర్యం కింద రాసుకున్నారు. 2014లో గానీ రీకాల్, అంటే బళ్లని వెనక్కి పిలిపించి సరిచేయడం, మొదలవలేదు, సుమారు 26 లక్షల కార్లు. 124 మరణాలకు ఈ లోపమే కారణమని పరిహార నిధి తేల్చింది.

కంపెనీయే నియమించిన న్యాయవాది ఆంటన్ వలూకస్ విచారణ చేసి నివేదిక ఇచ్చాడు. అందులో రెండు విషయాలు చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు, మన మీటింగులే కళ్లముందు కదిలాయి. మీటింగులో అందరూ గంగిరెద్దుల్లా తలూపుతారు, బయటికొచ్చాక ఎవరూ ఆ పని చేయరు. దానికి వాళ్లలో వాళ్లు "జీఎం నాడ్" అని పేరే పెట్టుకున్నారట. చేతులు రెండూ గుండెల మీద కట్టుకుని వేళ్లు అటొకటి ఇటొకటి పక్కవాళ్ల వైపు చూపించడాన్ని "జీఎం సెల్యూట్" అన్నారట. మన దగ్గర వీటికి పేర్లు లేవు గానీ మాటలున్నాయి. "పైకి రాశాం సార్." "మా పరిధిలోకి రాదు." "నా దృష్టికి రాలేదు." "చూద్దాం."

రెండోది ఆ కంపెనీలో ఉద్యోగులకు ఇచ్చిన మాటల పట్టిక. రాతల్లో ఈ మాటలు వాడొద్దని 69 పదాలు. అందులో "లోపం" ఒకటి. దానికి బదులు "డిజైన్‌కి తగ్గట్టు పనిచేయడం లేదు" అనాలి. "సమస్య" అనకూడదు, "విషయం" అనాలి. మాట పోతే దాని వెనకున్న భయం కూడా పోతుంది. మీ లాగ్‌బుక్కులు ఒకసారి తిరగేయండి. "లీకేజీ ఉంది" అని రాయాల్సినచోట "అబ్జర్వేషన్‌లో ఉంచాం" అని ఎన్నిసార్లు రాశారో లెక్కపెట్టండి. లీకేజీ అని చదివినవాడు లేచి వెళ్తాడు. అబ్జర్వేషన్ అని చదివినవాడు సంతకం పెట్టి పేజీ తిప్పుతాడు.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లదీ ఇదే గొడవ. మా అబ్బాయి చెప్తుంటాడు, అక్కడ పుచ్చకాయ రిపోర్టులంటారట. పైకంతా ఆకుపచ్చ, కోస్తే ఎరుపు. శుక్రవారం దాకా అన్నీ ఆకుపచ్చే, సోమవారం క్లయింటు ముందు కోత పడుతుంది.

మన ఊరి సంగతి చెప్పకుండా నేను ఇక్కణ్ణుంచి కదల్లేను. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకై 12 మంది చనిపోయారు. నిద్రలోంచి లేచి పరిగెడుతూ రోడ్డు మీద పడిపోయినవాళ్లని మనం టీవీల్లో చూశాం, మీలో కొందరు నేరుగా చూసి ఉంటారు. ఆ ఫ్యాక్టరీలో సైరన్ మోగించే చోట్లు 36 ఉన్నా ఎక్కడా ఎవరూ మోగించలేదని రాష్ట్ర ప్రభుత్వం వేసిన కమిటీ చెప్పింది. ఆ కేసు మీద తీర్పు చెప్పేవాణ్ణి నేను కాదు. కానీ ఆ 36 నా మనసులోంచి పోదు. ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా సైరన్ బటన్ ఎక్కడుందో చూపిస్తారు. అప్పుడు నేను అక్కడున్న హెల్పర్ని పక్కకి తీసుకెళ్లి అడుగుతాను, "నువ్వు నొక్కితే ఏమవుతుంది?" అని. "సైరన్ మోగుద్ది సార్" అనే జవాబు చాలా తక్కువసార్లు వచ్చింది. ఎక్కువసార్లు విన్నది "ఎందుకు నొక్కావని అడుగుతారు సార్."

ఇందాక టీ బ్రేకులో ఒకాయన అడిగారు, అలా అందరికీ అధికారం ఇస్తే ఊరికే లాగరా, ప్రొడక్షన్ ఏమవ్వాలి అని. అడగాల్సిన ప్రశ్నే. కొన్నిసార్లు ఊరికే లాగుతారు, నిజమే. టయోటా ప్లాంటుల్లో తాడు లాగడం రోజూ ఎన్నో సార్లు జరిగే పని. లాగడం తగ్గిందంటే వాళ్లు సంతోషించరు, ఏదో దాస్తున్నారేమోనని కంగారుపడతారు. దీనికి నా దగ్గర సిద్ధాంతం లేదు, నాకు జరిగింది చెప్తాను.

ఆ రెండు వేళ్ల ప్రమాదం తర్వాత నేను వేరే సెక్షన్‌కి మారాను. అక్కడ ఒక్కటే పద్ధతి పెట్టుకున్నాను. ఎవరైనా ఆపితే నేను నడిచి వెళ్లాలి, ఫోన్లో అడగకూడదు, మొదట "ఎవరు?" అనకూడదు. మూడు నెలలు ఎవరూ ఏదీ ఆపలేదు. తర్వాత ఒక వానాకాలం రాత్రి, రెండున్నర అవుతుండగా, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కాంట్రాక్టు కుర్రాడొకడు బేరింగు నుంచి పొగ వస్తోందని కన్వేయర్ ఆపేశాడు. వెళ్లాను. ఫిట్టర్ మూత విప్పి చూశాడు. పొగ కాదు, వేడి కేసింగ్ మీద వాన చినుకులు పడి ఆవిరి లేస్తోంది. నలభై నిమిషాలు లైను ఆగింది.

అందరూ నా ముఖం వైపే చూస్తున్నారు. కుర్రాడు కొంచెం పక్కగా నిలబడి ఉన్నాడు. చేతిలో ఏదో పట్టుకున్నాడని చూస్తే, గేటుపాస్. మెడలోంచి ముందే తీసేసి పట్టుకున్నాడు, ఇచ్చెయ్యమంటారని. దాని తాడు కూడా చక్కగా మడతపెట్టి ఉంది.

"మెడలో వేసుకో" అన్నాను. తర్వాత ఫిట్టర్‌తో ఆ కేసింగ్ మీద చినుకులు పడకుండా రేకు ముక్క ఒకటి కట్టించమని చెప్పాను. లాగ్‌బుక్కులో నలభై నిమిషాలూ రాసి, ఆపింది సరైన పనే అని కింద నా సంతకం పెట్టాను. కుర్రాడు ఇంకా కదల్లేదు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది. అప్పుడు మడత విప్పి, తాడు మెడలో వేసుకుని బెల్టు దగ్గరికి వెళ్లాడు.